మూతి పెట్టి తాగిన సంపు

నీళ్ళ ఆఫీసు వాళ్ళు మా అపార్టుమెంటు గేటుకు నోటీసు అంటించిన నాటికి నేను అసోసియేషన్ సెక్రటరీనై నాలుగు రోజులు. ఎలా అయ్యానంటే, ఆ ఆదివారం మీటింగుకు నేను వెళ్ళలేదు. అత్తమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మీటింగుకు రానివాళ్ళను సెక్రటరీ చేయడం మా బిల్డింగు ఆనవాయితీ. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, ఇక ఎవరి జోలికీ పోకుండా కాలుమీద కాలేసుకుని కూర్చుందామనుకున్న మనిషిని. ఎనిమిది ఫ్లాట్ల నీళ్ళూ, చెత్తా, లిఫ్టూ ఒక్క పూటలో నా నెత్తిన పడ్డాయి.

కోడంబాక్కం స్టేషనుకు ఇవతల, ఆటో వస్తే స్కూటరు పక్కకు తప్పుకోవాల్సినంత సందు మాది. సందులో అన్ని గేట్లకూ అదే నోటీసు అంటించారు. చదివింది నేనొక్కదాన్నే అని తర్వాత తెలిసింది. అందులో ఉన్నవి రెండే ముక్కలు. ఒకటి, ఇకమీదట ప్రతి కనెక్షనుకూ మీటరు పెడతారు. రెండు, మీటరు దాటాక, లోపలికి వచ్చిన నీళ్ళు మళ్ళీ వీధి పైపులోకి వెనక్కి పోకుండా ఆపే వాల్వు ఒకటి మనమే పెట్టించుకోవాలి. గడువు పదిహేను రోజులు. పెట్టకపోతే కనెక్షను కోసేస్తారు.

ఆ వాల్వును ఇక్కడి ప్లంబర్లు ఎన్నార్వీ అంటారు. అరచేతిలో పట్టే ఇత్తడి ముక్క. అందులో ఒకవైపుకు మాత్రమే తెరుచుకునే చిన్న తలుపు ఉంటుంది. నీళ్ళు వచ్చేటప్పుడు దాన్ని తోసుకుని వస్తాయి, వెనక్కి మళ్ళబోతే అది మూసుకుంటుంది. ఆరో తరగతి పిల్లలకు ఒకసారి చెప్తే అర్థమైపోతుంది. మా అసోసియేషన్‌లో అందరూ డిగ్రీ చదివినవాళ్ళు, అదే వచ్చిన చిక్కు. వెంటనే మీటింగు పెట్టమన్నారు.

ఆ మీటింగు సంగతి చెప్పే ముందు మా నీళ్ళ సంగతి చెప్పాలి. తాగడానికి కేన్ నీళ్ళు, బండి మీద వస్తాయి. వీధి పైపు నుంచి తెల్లవారుజామున ఓ గంట వచ్చే కుళాయి నీళ్ళు, అవి రానప్పుడు తెప్పించే లారీ నీళ్ళు, రెండూ కార్లు నిలబెట్టే చోట నేల కింద ఉన్న సంపులోకి పోతాయి. ఆ సంపు నీళ్ళతో మేం స్నానాలు చేస్తాం, అంట్లు తోముకుంటాం. మా బిల్డింగులో ఒక్కరంటే ఒక్కరు కూడా ఆ నీళ్ళు నోట్లో పోసుకోరు. సంపు మూత మీద మూడో అంతస్తు పెద్దాయన కారు ఉంటుంది. ఆయన ఆడిటు ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కారుకు గుడ్డ కప్పి భద్రంగా పెట్టుకున్నారు గానీ దాన్ని ఎక్కి ఎక్కడికీ వెళ్ళగా ఎవరూ చూడలేదు. కారు కదలదు కాబట్టి సంపు మూత తెరుచుకోదు, మూత తెరుచుకోదు కాబట్టి సంపు కడగడం ఎప్పటికప్పుడు వచ్చే నెలకు వాయిదా పడేది.

ఆ సంపు విషయంలో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. మా ఫ్లాటు కింది అంతస్తులో, సంపు పక్కనే. తెల్లవారుజామున నీళ్ళు పైనుంచి సంపులో పడే చప్పుడుకు నాకు నిద్ర పాడయ్యేది. రెండేళ్ళ కిందట, ఆ కారు ఎప్పుడో సర్వీసుకు పోయినప్పుడు, సందు చూసుకుని ప్లంబరును పిలిపించాను. సంపు అడుగు దాకా పోయేలా ఇంకో పైపు తగిలించమన్నాను. "అట్లా వద్దు మేడమ్" అని ఏదో చెప్పబోయాడు. "చెప్పింది చెయ్యి" అన్నాను, నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన గొంతుతో. చేశాడు. అప్పట్నుంచి నీళ్ళు చడీచప్పుడూ లేకుండా వచ్చి సంపులో కూర్చుంటున్నాయి. నేను హాయిగా నిద్రపోతున్నాను.

ఇక గోడకు అవతల, మా గోడనే ఆనుకుని, ఇస్త్రీ బండి. పదేళ్ళుగా ఆ బండి దగ్గర నిలబడే ఆవిడది తిరుత్తణి వైపు. ఇంట్లో తెలుగే, కోపం వస్తే తమిళం. బండి పక్కనే వీధి పైపుకు బిగించిన పచ్చరంగు చేతిపంపు ఉంది. మా కనెక్షనూ ఆ పంపూ వీధి పైపుకు తగులుకున్నది దాదాపు ఒక్కచోటే. ఎండాకాలంలో సందులో మిగతా పంపులు గాలి తప్ప ఏమీ కక్కవు. ఈ పంపు మాత్రం రెండేళ్ళుగా ఏ వేళప్పుడు కొట్టినా నీళ్ళిస్తుంది. ఆమె బట్టల మీద చిలకరించడానికీ, వంటకూ, తాగడానికీ అవే నీళ్ళు. "ఇది పంపు కాదు మ్మా, మా తల్లి. అన్నీ ఎండిపోయినా ఇది నన్ను ఇడిచిపెట్టదు" అనేది. శుక్రవారం దానికి బొట్టు పెట్టేది. ఆయుధపూజకు ఇస్త్రీపెట్టెతో పాటు దానికీ గంధం పూసి, మూర మల్లెపూలు చుట్టేది.

మా అత్తమ్మకు ఎనభై నాలుగేళ్ళు. మోకాళ్ళు పోయాయి, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. పగలంతా కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, గ్రిల్లులోంచి ఇస్త్రీ ఆవిడతో లోకాభిరామాయణం నడుపుతుంది. రోజూ పదకొండు గంటలకు కిటికీలోంచి ఆమెకు కాఫీ. దానికి వేరే గ్లాసు ఉంది. సొట్టపడిన స్టీలు గ్లాసు, కిటికీ గూట్లోనే ఉంటుంది. అత్తమ్మ పైనుంచి పోస్తుంది, ఆవిడ తాగి, పంపు దగ్గర కడిగి, బోర్లించి పెడుతుంది. లోపలికి రాదు ఆ గ్లాసు. నేను చదువుకున్నదాన్ని, ఇదేం పద్ధతి అని మనసులో చాలాసార్లు అనుకున్నాను. పైకి ఒక్కసారి అన్నాను. "పెద్దదాన్ని, నా మడి నాది, గమ్మున ఉండు" అంది అత్తమ్మ. గమ్మునే ఉన్నాను పదేళ్ళు. నా ఆదర్శాలన్నీ అంతటితో సరి.

పోయిన వానల తర్వాత ఇస్త్రీ ఆవిడకు కామెర్లు వచ్చాయి. రెండు నెలలు ఊళ్ళో పడుకుని, సగమై తిరిగొచ్చింది. వచ్చినప్పట్నుంచీ ఒకరోజు బాగుంటే రెండు రోజులు కడుపు పట్టుకుని బండి కింద కూర్చునేది. బిల్డింగులో గుసగుసలు మొదలయ్యాయి. అందుకే నేను పెట్టిన మీటింగులో రెండు అంశాలు వచ్చాయి. మొదటిది వాల్వు. రెండోది ఇస్త్రీ బండి తీయించడం.

కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. మూడో అంతస్తు పెద్దాయన నోటీసును కళ్ళజోడు పైనుంచీ కిందనుంచీ చదివారు.

"ఏవండీ సెక్రటరీ గారూ, నాకు తెలీక అడుగుతానూ, మన నీళ్ళు బయటికి ఎందుకు పోతాయండీ? లోపలికి రావడానికే గతిలేదు!"

"అదే కదండీ, అవి పోకుండానే ఈ వాల్వు."

"పోనివాటిని ఆపడానికి వాల్వెందుకండీ? ఇన్నేళ్ళలో మన బిల్డింగులోంచి వీధిలోకి చుక్క నీళ్ళు పోయాయా? ఎవరికైనా ఒక బిందెడు ఇచ్చామా?"

"లేదండీ. ఆ విషయంలో మనల్ని వేలెత్తి చూపించలేరు" అన్నాను.

అందరూ సంతృప్తిగా తలలూపారు. నేను ఎత్తిపొడిచానని ఒక్కరికీ తట్టలేదు. నీళ్ళ ఆఫీసుకు అభ్యంతర పత్రం రాయాలనీ, జవాబు వచ్చేదాకా వాల్వు పెట్టకూడదనీ తీర్మానించారు. పత్రం ఆయనే రాశారు, నాలుగు పేజీలు. మా బిల్డింగు స్వభావరీత్యా నీళ్ళు పుచ్చుకునేదే తప్ప ఇచ్చేది కాదని అందులో మూడు రకాలుగా రుజువు చేశారు.

రెండో అంశానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. కామెర్లు వచ్చిన మనిషి చేతుల్లోంచి వచ్చిన బట్టలు మనం కట్టుకుంటున్నాం, ఇళ్ళల్లో పెద్దవాళ్ళున్నారు, హైజీను ముఖ్యం అన్నారు. నిప్పులు పోసిన ఇస్త్రీపెట్టె కింద ఏ క్రిమి బతుకుతుందండీ అని అడిగాను. "రిస్కు ఎందుకండీ" అన్నారు. నెలాఖరులోగా బండి తీసేయాలి, ఆ మాట ఆమెకు సెక్రటరీ చెప్పాలి. అటు పక్క సందులో వేరే ఇస్త్రీ బండి ఉంది, ఇటు మెయిన్ రోడ్డులో నిలబడనివ్వరు. ఈ గోడ పోతే ఆమె తిరుత్తణి బస్సు ఎక్కడమే. అది నాకు తెలుసు. నేను గట్టిగా కాదనాలి, అనలేదు. ఇంట్లో ముసలావిడ ఉంది కదా, ఎందుకొచ్చిన గొడవ అని నాకూ ఓ మూల అనిపించింది. అబద్ధమెందుకు, అనిపించింది.

చెప్పడం మాత్రం చేతకాలేదు. రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అనుకుంటూ తిరిగాను. బయటికి పోయినప్పుడల్లా ఆమె "ఏం మ్మా, బాగుండారా?" అనేది. నేను ఫోను చూసుకుంటున్నట్టు నడిచేదాన్ని.

ఈలోగా నీళ్ళ ఆఫీసు మనుషులు వచ్చి గేటు లోపల మీటరు బిగించి పోయారు. గుండ్రటి అద్దం కింద అంకెలు, ఒక చిన్న ఎర్ర ముల్లు. నాకు ప్రాణం లేచొచ్చింది. పాత లెక్కల నోటు పుస్తకం ఒకటి తీసి, గీతలు కొట్టి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రీడింగు రాయడం మొదలుపెట్టాను. ఎవరూ అడగలేదు. చేతులు ఊరుకోవు కదా.

నాలుగో రోజు మధ్యాహ్నం అంకె పొద్దుటి అంకె కంటే తక్కువ వచ్చింది. నా కళ్ళనే అనుమానించాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మర్నాడూ అంతే. పొద్దున నీళ్ళొచ్చినప్పుడు పెరుగుతోంది, మధ్యాహ్నానికి కాస్త తగ్గుతోంది. వాడిన నీళ్ళు పెరగాలి గానీ తగ్గడమేమిటి? ఏ పిల్లవాడైనా ఇలా లెక్క చేసి తెస్తే చెవి మెలేసేదాన్ని.

మూడో అంతస్తు పెద్దాయనకు చూపించాను. ఆయన ముఖం పున్నమి చంద్రుడైపోయింది. "దేవుడిచ్చిన మీటరండీ! వెనక్కి తిరిగే మీటరు ఊరు మొత్తానికి మనకే పడింది. నోరెత్తకండి, ఎవరికీ చెప్పకండి" అన్నారు. సాయంత్రానికి ఎనిమిది ఫ్లాట్లకూ ఆయనే చెప్పారు. మీటరు కనిపెట్టుకుని ఉండమని వాచ్‌మన్‌కు పురమాయించారు. అదే వారంలో సంపులో నీళ్ళు లెక్క కంటే తొందరగా అయిపోతున్నాయనీ, ఎవరో దొంగిలిస్తున్నారనీ, సంపు మూతకు తాళం వేయించమనీ కూడా నన్ను అడిగారు. మూత మీద మీ కారుంది కదండీ, దొంగ దాన్ని ఎత్తి పక్కన పెట్టి నీళ్ళు తోడుకుంటాడా అన్నాను. "మీకన్నీ వేళాకోళమే" అని విసుక్కున్నారు.

నేను నోరెత్తకుండా ఉండలేకపోయాను. నిజాయితీ అని గొప్పలు చెప్పుకోను. తప్పు లెక్క ఇంట్లో పెట్టుకుని నిద్రపోవడం నా వల్ల కాదు, అంతే. నోటు పుస్తకం సంచిలో వేసుకుని నీళ్ళ ఆఫీసుకు పోయాను. మూడోరోజు ఇంజనీరు వచ్చింది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి, స్కూటీ మీద. "మా పాట్టి, అదే మా అమ్మమ్మ, తెలుగే మేడమ్, అర్థమవుతుంది, మాట్లాడతా" అంది. మా నాలుగు పేజీల అభ్యంతర పత్రం మడతపెట్టి ఆమె ఫైల్లో ఉంది. దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు, ఆ అమ్మాయి సంస్కారం అది.

నా నోటు పుస్తకం మాత్రం, కిందికి దిగొచ్చిన పెద్దాయన ఎదురుగానే, అక్షరం అక్షరం చదివింది. "మధ్యాహ్నం లైనులో నీళ్ళే ఉండవు కదా మేడమ్. మరి ముల్లు ఎట్లా తిరుగుతుంది?" అంటూ చుట్టూ చూసింది. గోడ అవతలి చేతిపంపు కనిపించింది. "ఈ టైములో ఆ పంపులో నీళ్ళొస్తాయా?"

"అది మా తల్లి, ఎప్పుడైనా వస్తాయి" అంది ఇస్త్రీ ఆవిడ గోడ మీదుగా. అని, ఇంజనీరును చూసి, పెద్దాయన్ను చూసి, నన్ను చూసింది. ఆమె ముఖం మారిపోయింది. బండి సంగతి ఎలాగో చెవిన పడే ఉంటుంది. "నేనేం చేస్తిని మ్మా?" అంది నాతో.

"ఏం లేదు, పంపు కొట్టు" అన్నాను. నా గొంతు నాకే బాగాలేదు.

ఆమె కొట్టింది. మేం మీటరు మీద వంగాం. ఆమె ఒక్కో దెబ్బ వేసినప్పుడల్లా ఎర్ర ముల్లు ఒక్కో గీత వెనక్కి జరిగింది. ఆపితే ఆగింది. మళ్ళీ కొట్టమంటే కొట్టింది, మళ్ళీ వెనక్కే.

"ఆహా! అంటే మన సంపు నీళ్ళు దొంగిలిస్తున్నది ఈవిడన్న మాట!" అన్నారు పెద్దాయన.

ఇంజనీరు నెత్తి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. వీధి పైపు ఖాళీగా ఉన్నప్పుడు పంపు కొడితే లాగుడు పుడుతుందనీ, అది మీ పైపు గుండా మీ సంపు నీళ్ళను లాక్కుంటుందనీ, ఆమె తాగుతున్నది కుళాయి నీళ్ళు కాదనీ తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో చెప్పింది. పెద్దాయన మూడు భాషల్లోనూ ఒప్పుకోలేదు. అప్పుడు కిటికీలోంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"ఏమ్మే! సంపులో ఆ పైపు యాడిదాకా ఉండాది?"

"అడుగుదాకా అత్తమ్మా. చప్పుడు రాకుండా నేనే పెట్టించాను."

"అంటే నీళ్ళల్లో మునిగి ఉండాది."

"అవును."

"ఇంకేమే మరి! మీ సంపు మూతి పెట్టి తాగతా ఉండాది. ఊరందరికీ ఒకటే చెంబు ఆ ఈది పైపు. దానికి మూతి కరిపించి, పుక్కిట్లో నీళ్ళు మళ్ళా చెంబులోకే ఇడస్తా ఉండాది. ఎంగిలి చెయ్యకుండా ఎత్తి పోసుకోవాలని నీ బిడ్డలకు నేర్పించినా గదా నేను. నువ్వు నీ సంపుకు నేర్పలేదా?"

ఇంజనీరు అమ్మాయి ఒక్క గంతులో కిటికీ దగ్గరికి పోయింది. "పాట్టీ, మా ఆఫీసులో ట్రైనింగు మీరు ఇయ్యాల!" అంది. తర్వాత మా వైపు తిరిగి, "అదే మేడమ్. పైపు చివర నీళ్ళకు జానెడు ఎత్తులో ఆగిపోవాల, నీళ్ళు పైనుంచి పడాల. వాల్వు ఎప్పుడన్నా చెడిపోతుంది. ఆ జానెడు ఖాళీ చెడిపోదు. ఎత్తి తాగితే ఎవరి ఎంగిలీ ఎవరికీ రాదు" అంది. ఇస్త్రీ ఆవిడ పంపు పిడి పట్టుకునే అంతా వింటూ ఉంది.

మొదటిసారి అందరికీ అర్థమైంది. పెద్దాయనకు కూడా. ఎంగిలి అనేసరికి ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

సంపు చూడాలంది ఇంజనీరు. కారు తీయాలి. తాళం తిప్పితే బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంది. వాచ్‌మనూ, నేనూ, మొదటి అంతస్తు వాళ్ళూ కలిసి తోశాం. పెద్దాయన స్టీరింగు పట్టుకుని "మెల్లిగా, మెల్లిగా" అంటూ కూర్చున్నారు. మూత లేపగానే వచ్చిన వాసనకు చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. సంపు గోడకు ఒక బీట. అవతల మురిక్కాలువ. వానల్లో కాలువ పొంగినప్పుడల్లా ఆ బీటలోంచి లోపలికి ఊరినట్టు నల్లటి చారలు కనిపించాయి. పైన ఒక పిల్లల చెప్పు తేలుతోంది, ఇంకా ఏవేవో ఉన్నాయి, రాయను. మధ్యలో, ఆ నీళ్ళల్లోకి నిటారుగా దిగి, నేను పెట్టించిన తెల్లటి పైపు.

ఈ నీళ్ళతో స్నానాలు చేశామే అని పక్కనెవరో వాంతి చేసుకోబోయారు. నాకు అది తట్టనే లేదు. వానల తర్వాత కామెర్లు. సగమై వచ్చిన మనిషి. సంపు గట్టు మీదే కూలబడ్డాను. నా నిద్ర కోసం. ఒక్క గంట చప్పుడు భరించలేక.

"ఎన్నాళ్ళుగా తాగుతున్నావమ్మా ఈ పంపు నీళ్ళు?" అని ఇంజనీరు గోడ అవతలికి అడిగింది.

"ఎప్పుడూ ఇవే మ్మా. వేరే యాడుండాయి?"

ఇంజనీరు ఆ నీళ్ళు పరీక్ష చేయించేదాకా తాగొద్దని చెప్పి, మా గేటుకు కొత్త నోటీసు అంటించి, స్కూటీ ఎక్కింది. ఆమె కామెర్లు మన సంపు నుంచే వచ్చాయని రుజువేమిటండీ అని పెద్దాయన ఆ రాత్రే ఫోను చేశారు. రుజువు లేదండీ, మీరు ఒక గ్లాసెడు తాగి చూపిస్తే తేలిపోతుంది అన్నాను. ఫోను పెట్టేశారు.

వారంలో అన్నీ అయిపోయాయి. సంపు కడిగారు, బీట పూడ్చారు, మీటరు పక్కన వాల్వు పెట్టారు. నా పైపును నా ఎదురుగానే కోసి బయట పారేశారు. కోసింది పాత ప్లంబరే. "అప్పుడే చెప్పాను మేడమ్" అంటాడని ఎదురు చూశాను. అనలేదు, అంటే బాగుండేది. మర్నాడు తెల్లవారుజామున నీళ్ళు ధబధబా పడ్డాయి. లేచి కూర్చుని, వచ్చినంతసేపూ విన్నాను.

తర్వాతి మీటింగులో రెండో అంశం ఎవరూ ఎత్తలేదు. మినిట్సులో ఏం రాయాలని అడిగితే, ఏమీ రాయొద్దన్నారు. బండి గోడ దగ్గరే ఉండిపోయింది. కానీ వాల్వు పెట్టిన నాటి నుంచే ఆమె పంపు ఆగిపోయింది. తెల్లవారి ఆ గంట తప్ప, సందులో అన్ని పంపుల్లాగే ఇదీ గాలి కక్కింది. శుక్రవారం బొట్టు పెట్టి, కొట్టి కొట్టి చూసి, "మా తల్లికి ఏమాయె మ్మా?" అని నన్నే అడిగింది. పది రోజులుగా నేను దాటేస్తున్న మాట అప్పుడు చెప్పక తప్పలేదు. ఆ రోజు గోడ అవతల్నుంచి ఆమె సగం సగం విన్నదే అయినా, ఆ నీళ్ళు మావేననీ, ఆ పైపు నేను పెట్టించిందేననీ ఆమె ముఖం చూసి చెప్పాను. తప్పైపోయింది అన్నాను. ఆమె తిట్టలేదు. పంపు వంక చూసి, బొట్టు తుడిచేసింది.

తెల్లవారుజామున వచ్చే నీళ్ళు సంపులోకి పోకముందే ఒక డ్రమ్ములో పట్టి, దాన్నుంచి గోడ అవతలికి ఒక కుళాయి పెడదామని మీటింగులో అడిగాను. మా సంపు నీళ్ళను రెండేళ్ళు తెలియకుండా ఇచ్చాం. తెలిసి రోజుకు రెండు బిందెలు మంచినీళ్ళు ఇవ్వడానికి మూడు మీటింగులు పట్టింది. ఒకరికిస్తే పదిమంది వస్తారన్నారు, రూల్సు ఒప్పుకోవన్నారు, గోడ పాడవుతుందన్నారు. మూడో మీటింగులో నేను సెక్రటరీ పదవికి రాజీనామా చేస్తానన్నాను. ఆ పదవి తమకు వస్తుందేమోనన్న భయంతో ఏకగ్రీవంగా కుళాయి మంజూరు చేశారు.

కుళాయి పెట్టిన రోజు పదకొండు గంటలకు నేను కాఫీ కలుపుతుంటే అత్తమ్మ కిటికీ దగ్గర్నుంచి పిలిచింది. ఆమె చేతిలో ఆ సొట్ట గ్లాసు ఉంది. చాలాసేపటి నుంచి పట్టుకుని కూర్చున్నట్టుంది.

"దీన్ని అవతల పారెయ్యే" అంది. "దాని ఎంగిలి మనకు తగలకూడదని పదేండ్లు కాచుకుని కూర్చుంటిని. మన ఎంగిలి పైపు పెట్టి దాని గొంతులో పోస్తిమి. పావం, ప్రాణం మీదికి తెచ్చుకునింది. ఇంకేం మడి నాకు? మనం తాగే గ్లాసులో ఇయ్యి. కిటికీలోంచి వద్దు, తీసకపోయి ఇయ్యి."

అత్తమ్మ కళ్ళల్లో నీళ్ళు నేను చూడడం అది రెండోసారి. మావయ్య పోయినప్పుడు మొదటిసారి. ఇన్నేళ్ళూ మనసులోనే సంస్కర్తనై కూర్చున్న నేను అలమరలోంచి మా గ్లాసు తీసి, కాఫీ పోసి, గేటు దాటి బండి దగ్గరికి పోయాను. పదేళ్ళలో అక్కడికి కాఫీ పట్టుకుని పోవడం అదే మొదలు. అది గుర్తుకొచ్చి సిగ్గేసింది.

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చేతులు తుడుచుకుని, గ్లాసు అందుకుంది. ఎప్పటి సొట్ట గ్లాసు కాదని గమనించింది. కిటికీ వైపు ఒకసారి చూసింది. తర్వాత తల వెనక్కి వాల్చి, గ్లాసు ఎత్తి, కాఫీ పైనుంచి నోట్లో పోసుకుంది.

"అదేంటి, మూతి పెట్టి తాగు, ఏం కాదు. మా గ్లాసే" అన్నాను.

ఆమె ఆఖరి గుక్క కూడా అలాగే పోసుకుని, మూతి తుడుచుకుంది.

"వద్దు మ్మా. ఎత్తి తాగితే ఎవురి ఎంగిలీ ఎవురికీ రాదని ఆఫీసమ్మ చెప్పిందే. మళ్ళా కామెర్లు వస్తే నేను తట్టుకోలేను."

గ్లాసు నా చేతికిచ్చి, మడతపెట్టాల్సిన చొక్కా తీసుకుంది. గ్లాసు అంచు పొడిగా ఉంది. నేను దాన్ని పట్టుకుని లోపలికి వచ్చాను.